మరిగించినా పోని విషం, అదుపు తప్పే రక్షణ

(ధర్మపురి జిల్లా పెరియంపట్టిలో, పండుగకు ఊరు చేరిన నగరవాసులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



పెరియంపట్టిలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ పుట్టి, బెంగళూరు, హోసూరు, తిరుప్పూరు, చెన్నై వంటి నగరాలలో జీవిక వెదుక్కొని, ఇంట తెలుగును నిలుపుకొంటూ వస్తున్న మీ ఎదుట నాలుగు మాటలు చెప్పే అవకాశం లభించినందుకు సంతోషిస్తున్నాను. ఆరోగ్యానికి సంబంధించి, ఊరికీ నగరానికీ రెండింటికీ పనికివచ్చే ఒక విషయం చెప్పవలసిందని నిర్వాహకులు కోరారు. అందుకే ఈ అంశాన్ని ఎన్నుకొన్నాను. పేరు కొత్తగా ఉంటుంది గాని, దాని సంబంధం మన పాలగిన్నెతో, వంటచేసే చేతితో, పసిపిల్లల కాలిన గాయంతో ఉన్నది.

మనలో చాలామందికి రెండు నమ్మకాలున్నాయి. మొదటిది, ఆహారాన్ని బాగా మరిగిస్తే అందులోని దోషం పోతుందని. రెండవది, శరీరంలో రోగనిరోధక శక్తి ఎంత విజృంభిస్తే అంత మేలని. రెండూ అనుభవం నుంచి వచ్చిన మాటలే. చాలా సందర్భాలలో నిజాలే. అయితే రెండింటికీ ఒక హద్దు ఉన్నది. కొన్ని బాక్టీరియాలు తయారుచేసే ఒక జాతి విషాలు ఆ హద్దును దాటుతాయి. శాస్త్రజ్ఞులు వాటిని 'సూపర్ యాంటిజెన్లు' అంటారు. వాటిలో కొన్ని మరుగుతున్న నీటికి సైతం లొంగవు. అవి రక్తంలో చేరితే మన రక్షణ బలగాన్నే రెచ్చగొట్టి, దాని చేతనే మనకు హాని చేయిస్తాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్లు అనే సామెత మనకున్నది. ఈ రోగంలో శరీరం చేసే పని అచ్చంగా అదే.

కావలివారి కథ

ముందుగా మన రక్షణ వ్యవస్థ మామూలుగా ఎలా పనిచేస్తుందో చూద్దాం. మన రక్తంలోనూ లింఫు గ్రంథులలోనూ 'టి కణాలు' అనే తెల్ల రక్తకణాలు ఉంటాయి. ఒక పెద్ద ఊరికి లక్షమంది కావలివారు ఉన్నారనీ, ప్రతి కావలివాడూ ఒకే ఒక దొంగ ముఖాన్ని మాత్రమే గుర్తుపట్టగలడనీ అనుకోండి. శరీరంలోకి పరాయి పదార్థం ఏదైనా వస్తే, దానిని యాంటిజెన్ అంటారు. కొన్ని రక్షణ కణాలు దానిని మింగి, ముక్కలు చేసి, ఒక చిన్న ముక్కను తమ పైపొర మీద ఉన్న పళ్లెం వంటి అమరికలో పెట్టి చూపుతాయి. కావలివారు ఒక్కొక్కరే వచ్చి ఆ ముక్కను పరీక్షిస్తారు. ఆ ముఖం తెలిసిన వాడే మేల్కొంటాడు. తక్కినవారు తమ దారిన తాము పోతారు.

ఇలా మేల్కొనేవారి సంఖ్య చాలా స్వల్పం. పదివేల టి కణాలలో ఒకటి, లేదా అంతకన్నా తక్కువ. మేల్కొన్న ఆ కొద్దిమంది తమవంటి వారిని పెంచుకొంటారు, సంకేతాలు పంపుతారు, శత్రువును వెదికి పట్టుకొంటారు. ఆ సంకేతాలనే 'సైటోకైన్లు' అంటారు. జ్వరం రావడం, గాయం చుట్టూ ఎర్రబడడం, వాపు కలగడం వీటి పనులే. పని ముగిశాక బలగం చల్లబడుతుంది. కొద్దిమంది మాత్రం ఆ ముఖాన్ని జ్ఞాపకం ఉంచుకొని మిగులుతారు. టీకాలు పనిచేసేది ఈ జ్ఞాపకం వల్లనే. గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఈ ఏర్పాటులో బలం ఎంత ముఖ్యమో పొదుపూ అంతే ముఖ్యం.

సూపర్ యాంటిజెన్ ఈ పొదుపును భంగపరుస్తుంది. దానిని ఎవరూ ముక్కలు చేయనక్కరలేదు, పళ్లెంలో పెట్టనక్కరలేదు. అది పూర్తి అణువుగానే వచ్చి, ఒక కొసతో ముక్కను చూపే కణాన్ని పళ్లెం వెలుపలి అంచున పట్టుకొంటుంది. రెండవ కొసతో టి కణాన్ని పట్టుకొని, రెండింటినీ బలవంతంగా కలుపుతుంది. కావలివాడు దొంగ ముఖం చూడనే లేదు. అయినా చూశాననే భ్రమలో కేకవేస్తాడు. టి కణాల గ్రాహకాలలో ఒక భాగాన్ని బట్టి వాటిని సుమారు రెండు డజన్ల కుటుంబాలుగా విభజిస్తారు. ఒక్కో కుటుంబానికి ఒక్కో రంగు తలపాగా ఉన్నదనుకోండి. సూపర్ యాంటిజెన్ చూసేది తలపాగా రంగునే. ఆ రంగు కట్టినవారందరూ, ఎవరికి ఏ ముఖం తెలిసినా తెలియకపోయినా, ఒక్కసారిగా లేస్తారు.

ఫలితం లెక్కలో చూడండి. మామూలుగా లక్షమందిలో పదిమంది లేచే చోట, సూపర్ యాంటిజెన్ వచ్చినప్పుడు ఇరవై వేలమంది, ఒక్కొక్కప్పుడు అంతకుమించి లేవవచ్చు. అందరూ ఒకేసారి సంకేతాలు కుమ్మరిస్తారు. కోవిడ్ రోజులలో 'సైటోకైన్ తుఫాను' అనే మాట పత్రికలలో చదివారు కదా, అటువంటి తుఫానే ఇది. రక్తనాళాల గోడలు జల్లెడలా మారి, రక్తంలోని నీరు కణజాలంలోకి కారిపోతుంది. రక్తపోటు పడిపోతుంది. మూత్రపిండాలకు, కాలేయానికి, మెదడుకు చాలినంత రక్తం అందదు. దీనినే 'టాక్సిక్ షాక్' అంటారు. షాక్ అంటే ఇక్కడ విద్యుత్ ఘాతం కాదు, రక్తప్రసరణ కూలిపోవడం.

ఈ సంగతి ఎలా తెలిసింది

1978లో అమెరికాలోని డెన్వర్ నగరంలో జేమ్స్ టాడ్ అనే పిల్లల వైద్యుడు, ఆయన సహచరులు 8 నుంచి 17 ఏళ్ల వయసుగల ఏడుగురిలో కనిపించిన ఒక వింత రోగాన్ని వర్ణించారు. తీవ్ర జ్వరం, ఒళ్లంతా ఎర్రని దద్దు, పడిపోయే రక్తపోటు, విరేచనాలు, మతిభ్రమ. వారి శరీరంలో ఎక్కడో ఒకచోట స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా ఉండేది. రక్తంలో మాత్రం అది కనిపించేది కాదు. సూక్ష్మజీవి ఒక మూల కూర్చొని, దాని విషం మాత్రమే ఒళ్లంతా తిరుగుతున్నదని వారు ఊహించారు. రోగానికి 'టాక్సిక్ షాక్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు.

రెండేళ్లలో ఆ పేరు అమెరికా అంతటా మారుమోగింది. 1980లో నెలసరి సమయంలో ఉన్న యువతులలో ఈ రోగం వందల సంఖ్యలో బయటపడింది. అధికంగా పీల్చుకొనే టాంపన్లను వాడినవారిలోనే అది ఎక్కువగా కనిపించింది. 'రిలై' అనే టాంపన్‌ను ఆ ఏడాది సెప్టెంబరులో దాని తయారీదారు ప్రాక్టర్ అండ్ గాంబుల్ మార్కెట్టు నుంచి ఉపసంహరించుకొంది. 1981లో రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా ఈ రోగానికి మూలమైన విషాన్ని గుర్తించాయి. 1989లో అదే డెన్వర్ నగరంలో పనిచేస్తున్న ఫిలిప్పా మారక్, జాన్ కాప్లర్ దంపతుల బృందం ఈ జాతి విషాలు టి కణాలను కుటుంబాలవారీగా ఎలా మేల్కొలుపుతాయో నిరూపించి, వాటికి 'సూపర్ యాంటిజెన్' అనే పేరును ఇచ్చింది.

ఇటువంటి విషాలను ప్రధానంగా తయారుచేసేవి రెండు జాతులు. ఒకటి ఇప్పుడు చెప్పిన స్టాఫిలోకాకస్ ఆరియస్. రెండవది, గొంతునొప్పికి కారణమయ్యే స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్. మొదటిది మనకు పరాయిది కాదు. సుమారు నూటికి ముప్పై మంది ముక్కులలో ఏ బాధా కలిగించకుండా అది నివసిస్తూ ఉంటుంది. చర్మం మీద, గోళ్ల సందులలో, చీముపట్టిన గాయాలలో, పశువుల పొదుగులలో ఉంటుంది. అన్ని స్టాఫిలోకాకస్ తెగలూ ఈ విషాలను చేయవు. చేసే తెగ ఏదో కంటికి తెలియదు.

పాలగిన్నె చెప్పే పాఠం

ఇక పాల సంగతికి వద్దాం. ఇక్కడ ఎన్నో ఇళ్లలో ఆవో గేదెయో ఉంటుంది. పొదుగువాపు వచ్చిన పశువు పాలలో ఈ బాక్టీరియా ఉండగలదని పశువైద్యులందరూ చెబుతారు. 1914లో ఫిలిప్పీన్స్‌లో బార్బర్ అనే శాస్త్రజ్ఞుడు ఒక విచిత్రాన్ని గమనించాడు. ఒక క్షేత్రంలో పితికిన పాలను వెంటనే తాగితే ఏమీ కాలేదు. అవే పాలను కొన్ని గంటలు వెచ్చని గదిలో ఉంచి తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకొన్నాయి. ఆయన తన మీదనే పరీక్షించుకొని, పొదుగులోని స్టాఫిలోకాకస్ వెచ్చదనంలో పెరిగి పాలలో విషం చేస్తున్నదని తేల్చాడు. బాక్టీరియా ఉండడం ఒక సంగతి, దానికి వేడిమినీ వ్యవధినీ ఇవ్వడం మరొక సంగతి అని ఆ ప్రయోగం వెల్లడించింది.

ఆ పాఠాన్ని మరచినప్పుడు ఏమవుతుందో జపాన్ చూసింది. 2000 సంవత్సరం మార్చి నెలాఖరున హొక్కైడో ద్వీపంలోని తైకి పట్టణంలో, స్నో బ్రాండ్ సంస్థకు చెందిన పాల కర్మాగారంలో సుమారు మూడు గంటలపాటు విద్యుత్తు ఆగిపోయింది. యంత్రాలలోని పాలు వెచ్చగా నిలిచిపోయాయి. స్టాఫిలోకాకస్ పెరిగి విషం చేసింది. తరువాత ఆ పాలను వేడిచేసి పొడిగా మార్చారు. బాక్టీరియా చచ్చిపోయింది, విషం చావలేదు. ఆ పొడి ఒసాకా చేరి, అక్కడ తక్కువ కొవ్వుగల పాల తయారీలో కలిసింది. వేసవిలో 13 వేల మందికి పైగా జబ్బుపడ్డారు. శుభ్రతకు పేరున్న దేశంలో, పేరున్న సంస్థలో, మూడు గంటల విద్యుత్ అంతరాయం చేసిన పని అది.

విద్యుత్ కోత మనకు కొత్త కాదు. వేసవిలో ఇక్కడి ఎండ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. కనుక ఈ విషం స్వభావాన్ని గుర్తుంచుకోవాలి. స్టాఫిలోకాకస్ మామూలు వేడికే చస్తుంది. అది అప్పటికే చేసిపెట్టిన విషం మాత్రం నీరు మరిగే వేడిమిలో అరగంట ఉంచినా పూర్తిగా నశించదు. గ్రాములో పదిలక్షలవ వంతు కన్నా తక్కువ విషం చాలు, మనిషి వాంతులతో కుప్పకూలడానికి. వాసన మారదు, రుచి మారదు, రంగు మారదు. 'ఇంకొకసారి మరిగించితే సరిపోతుంది' అనే మాటకు ఇక్కడ విలువ లేదు.

శాస్త్రం దృష్ట్యా ఒక వివరణ అవసరం. ఈ ఆహార విషానికి రెండు గుణాలున్నాయి. పేగులలో అది నరాలను కదిలించి వాంతి కలిగిస్తుంది. రక్తంలో చేరితే టి కణాలను రెచ్చగొడుతుంది. ఈ రెండూ పూర్తిగా ఒకే పని కావు. అందువల్ల చెడిన ఆహారం తిన్నవారందరికీ టాక్సిక్ షాక్ రాదు. అత్యధికులకు తిన్న అరగంట నుంచి ఎనిమిది గంటలలోపు వాంతులు మొదలై, ఒక రోజులో తగ్గిపోతాయి. వారికి కావలసింది ఓఆర్ఎస్ ద్రావణం, విశ్రాంతి. యాంటీబయోటిక్ మాత్ర ఇక్కడ ప్రయోజనం లేనిది. విషం ముందే తయారై లోపలికి వచ్చింది, చంపడానికి జీవి లేదు. పసిపిల్లలు, వృద్ధులు, గర్భిణులు మాత్రం నీరు కోల్పోయి ప్రమాదంలో పడవచ్చు. వారిని ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి.

గాయం చిన్నది, ఆపద పెద్దది

రక్తంలోకి విషం చేరే మార్గాలు వేరు. వాటిలో మూడింటిని ప్రత్యేకంగా చెబుతాను.

మొదటిది పసిపిల్లల కాలిన గాయం. ఒక్క గదిలోనే వంట, పడక, ఆట అన్నీ జరిగే నగరపు ఇళ్లలో టీ ఒలకడం, గంజి మీద పడడం జరుగుతూనే ఉంటాయి. గాయం అరచేయంతే ఉండవచ్చు. రెండు మూడు రోజుల తరువాత, పుండు బాగానే ఉన్నట్లు కనిపిస్తున్నప్పుడే, బిడ్డకు ఉన్నట్టుండి తీవ్ర జ్వరం, దద్దు, విరేచనాలు, మందకొడితనం రావచ్చు. ఈ విషాలకు ఎదురునిలిచే ప్రతిదేహాలు పెద్దవారిలో అత్యధికులకు ఏనాడో ఏర్పడి ఉంటాయి. పసివారిలో అవి ఇంకా ఉండవు. అందుకే చిన్న గాయం కూడా వారికి పెద్ద ఆపద కాగలదు. కాలిన చోట చల్లని కుళాయి నీటిని ఇరవై నిమిషాలు పోయండి. సిరా, టూత్‌పేస్టు, పేడ, పిండి పూయవద్దు. తరువాతి నాలుగు రోజులు బిడ్డను గమనించండి.

రెండవది నెలసరి. ఈ మాటను సభలో చెప్పడానికి వెనుకాడవలసిన పనిలేదు. నగరాలలో మన ఆడబిడ్డలు టాంపన్లు, కప్పులు వాడడం మొదలైంది. అవి నిషిద్ధ వస్తువులు కావు. అవసరానికి సరిపడే తక్కువ పీల్పు గల టాంపన్‌ను ఎన్నుకోవాలి. ఎనిమిది గంటలకు మించి ఒక్కదానినే ఉంచుకోకూడదు. చేతులు కడుక్కొని వాడాలి. పని మధ్య మరుగుదొడ్డికి పోయే వీలు లేకపోవడం వల్ల గంటల తరబడి మార్చుకోలేని యువతులు మన కర్మాగారాలలో ఎందరో ఉన్నారు. ఆ వీలు కల్పించడం యాజమాన్యాల దయ కాదు, ఆరోగ్య బాధ్యత.

మూడవది చర్మం మీది చిన్న గాయం. చెప్పులు లేని కాలికి ముల్లు, పనిలో రేకు కోత, గోకిన దద్దు, శస్త్రచికిత్స కుట్టు, ముక్కులో రక్తం ఆగడానికి పెట్టిన దూది, ఇవన్నీ ద్వారాలే. స్ట్రెప్టోకాకస్ ఇలా ప్రవేశించినప్పుడు రోగం మరింత క్రూరంగా ఉంటుంది. గాయం చూడడానికి స్వల్పమే, నొప్పి మాత్రం భరించరానిదిగా ఉంటే అది హెచ్చరిక. ఈ రకం షాక్‌లో సరైన చికిత్స అందినా ప్రతి ముగ్గురిలో ఒకరు చనిపోయే ప్రమాదం ఉన్నది. 2024లో జపాన్‌లో జూన్ మొదటి వారానికే ఈ రోగుల సంఖ్య ముందటి ఏడాది మొత్తం సంఖ్యను మించిపోయింది. ఇది పాతబడిన రోగం కాదు.

వైద్యం ఏమి చేస్తుంది

వైద్యులు ఈ రోగంలో ఒకేసారి మూడు పనులు చేస్తారు. విషం పుడుతున్న మూలాన్ని తొలగిస్తారు: టాంపన్ తీయడం, చీము వదలించడం, కుళ్లిన కణజాలాన్ని కోసివేయడం. జల్లెడ అయిన రక్తనాళాలకు సెలైను ద్వారా ద్రవాన్ని అందించి రక్తపోటును నిలబెడతారు. మూడవది మందులు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. పెన్సిలిన్ వంటి మందు బాక్టీరియాను చంపుతుంది గాని, అది చచ్చేలోపు చేసే విషాన్ని ఆపదు. అందుకే ప్రొటీన్ తయారీని నిలిపివేసే క్లిండామైసిన్ వంటి మందును కూడా కలుపుతారు. సూపర్ యాంటిజెన్ ప్రొటీనే కనుక, ఆ మందు విషపు కర్మాగారాన్నే మూసివేస్తుంది. కొన్ని సందర్భాలలో దాతల రక్తం నుంచి సేకరించిన ప్రతిదేహాలను కూడా నరం ద్వారా ఇస్తారు.

బాక్టీరియాలో ప్రొటీన్ తయారీని ఆపే మందుల చరిత్రలో మన భాషవాని చేయి ఉన్నదని గర్వంగా చెప్పుకోవచ్చు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో అమెరికా చేరారు. లెడర్లీ సంస్థలో ఆయన పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలోనే, అక్కడ బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలుగుచూసింది. టెట్రాసైక్లిన్ వర్గంలో అదే మొదటిది. ఆ వర్గపు మందులు కూడా బాక్టీరియాలో ప్రొటీన్ తయారీని అడ్డుకొనేవే. పొట్టచేతపట్టుకొని దూరదేశం వెళ్లిన తెలుగువాడు ప్రపంచానికి ఇచ్చిన కానుకలలో అదొకటి.

అయితే ఏ మందు ఎప్పుడు ఏ మోతాదులో అన్నది వైద్యుడు నిర్ణయించవలసినది. మందుల దుకాణంలో 'జ్వరానికి ఏదైనా ఇవ్వండి' అని అడిగి రెండు రోజులు గడిపితే, గడిచినది చికిత్సకు అనువైన కాలమే. ఈ రోగం గంటలలో ముదురుతుంది. కూలి పోతుందనో, సెలవు దొరకదనో, భాష రాదనో ఆగినవారికే ఎక్కువ నష్టం. నగరాలలో మన వలస కుటుంబాలకు ఉన్న అసలు ప్రమాదం అదే అని నా అభిప్రాయం.

సూక్ష్మజీవికి ఈ గగ్గోలు వల్ల లాభం ఏమిటని మీరు అడగవచ్చు. అందరూ ఒకేసారి అరుస్తుంటే నిజమైన దొంగను చూసిన ఒక్కడి కేక ఎవరికీ వినబడదు. రెచ్చిపోయిన టి కణాలలో అనేకం తరువాత అలసిపోయి మొద్దుబారుతాయి, లేదా చనిపోతాయి. ప్రతిదేహాలు తయారు కావడానికి కావలసిన క్రమశిక్షణ చెదిరిపోతుంది. అందుకే ఒకసారి ఈ రోగం వచ్చి కోలుకొన్న వారిలో కొందరికి మళ్లీ అదే రోగం వస్తుంది. మొదటి పోరాటం వారికి జ్ఞాపకాన్ని మిగల్చలేదు. రోగనిరోధక శక్తిని పెంచుతామని ప్రకటించే పొడులు, కషాయాల మాట విన్నప్పుడు దీనిని తలచుకోండి. శరీరానికి కావలసింది అదుపులో ఉన్న శక్తి. ఆ అదుపును నేర్పేవి సమయానికి వేయించిన టీకాలు, సరిపడే ఆహారం, నిద్ర.

ఇంటికి తీసుకుపోవలసిన మాటలు

ఈ ప్రసంగంలో శాస్త్రం కొంత మరచినా ఈ కొన్ని నియమాలు మరవవద్దని మనవి.

పాలు పితికే ముందు చేతులూ పొదుగూ కడగండి. పొదుగు వాచినా, పాలలో తునకలు కనిపించినా ఆ పాలను కలపవద్దు, పశువైద్యునికి చూపించండి. పితికిన పాలను వెంటనే కాచండి లేదా చల్లబరచండి. కాచిన తరువాత వంటగదిలో గంటల తరబడి వదలివేయవద్దు.

వండిన ఆహారాన్ని 60 డిగ్రీలకు పైన వేడిగా గాని, 5 డిగ్రీలకు లోపు చల్లగా గాని ఉంచాలి. మధ్యలో రెండు గంటలకు మించి ఉంచరాదు. మండువేసవిలో ఒక్క గంటే. పండుగ ముగిశాక ఊరి నుంచి కోవా, మాంసం, గుడ్ల కూర డబ్బాలలో కట్టుకొని బస్సెక్కేటప్పుడు గడియారం చూసుకోండి. పొడి పిండివంటలు, పచ్చళ్లు, పొడులు ప్రయాణానికి అనువైనవి. అమ్మ కట్టి ఇచ్చినదాన్ని పారవేయడానికి మనసు రాదు, నిజమే. కాబట్టి చెడిపోనిదే కట్టి ఇవ్వమని ముందుగా చెప్పండి.

చేతికి చీముగాయం గాని కోత గాని ఉన్నవారు పెళ్లివంటలలో, మెస్సులలో ఆహారాన్ని ముట్టరాదు. అది వారి కూలి పోగొట్టే నియమం కాకుండా, ఆ రోజుకు కూరగాయలు మోయడమో పాత్రలు సర్దడమో వారికి అప్పగించండి. లేకపోతే గాయాన్ని దాచుకొని పనిచేస్తారు.

చివరిది అన్నిటికన్నా ముఖ్యం. 102 డిగ్రీల జ్వరం, ఎండకు కమిలినట్లు ఒళ్లంతా ఎరుపు, నిలబడితే కళ్లు తిరగడం లేదా తికమక, వీటిలో రెండు కలిసి కనిపిస్తే ఉదయం దాకా ఆగవద్దు. అరచేతులు, అరికాళ్ల చర్మం పొరలుగా ఊడడం వారం పదిరోజుల తరువాత వచ్చే లక్షణం. దానికోసం ఎదురుచూస్తే అప్పటికే ఆలస్యమవుతుంది. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఈ నాలుగు రాష్ట్రాలలోనూ అంబులెన్సుకు 108 పిలవవచ్చు. ఈ ఊరివారికి ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది.

భాష రాదని నోరు మూసుకోవద్దు. జ్వరాన్ని తమిళంలో 'కాయ్చల్' అంటారు, కన్నడంలో 'జ్వర' అంటే చాలు. రక్తపోటును తమిళంలో 'రత్త అళుత్తం', కన్నడంలో 'రక్తదొత్తడ' అంటారు. 'బీపీ' అన్న మాట అన్ని చోట్లా తెలుసు. 'బీపీ చూడండి' అని గట్టిగా అడగండి. పక్కన గాయం ఉంటే చూపండి, నెలసరి సమయమైతే చెప్పండి, బిడ్డ కాలి ఎన్ని రోజులైందో చెప్పండి. ఈ మూడు మాటలు వైద్యుని ఆలోచనను సరైన దారికి తెస్తాయి. ఎందుకంటే ఈ రోగం చాలా అరుదైనది. తొలి గంటలలో మామూలు విషజ్వరంలానో డెంగీలానో కనబడుతుంది.

అరుదైన రోగం గురించి ఇంతసేపు ఎందుకు మాట్లాడానని కొందరికి అనిపించవచ్చు. దానిని అరుదుగా నిలిపి ఉంచేవి మన చేతులు కడిగే అలవాటు, పాలను చల్లబరచే అలవాటు, గాయాన్ని కప్పే అలవాటు. వచ్చినప్పుడు ప్రాణం నిలిపేది త్వరపడే అలవాటు. ఇవి ఖర్చులేనివి. మీరు రేపో ఎల్లుండో మీ మీ నగరాలకు తిరిగి వెళతారు. అక్కడ మీ పక్కింట ఉన్న తెలుగు కుటుంబానికి, అదే మెస్సులో భోజనం చేసే తమ్ముడికి, అదే కర్మాగారంలో పనిచేసే చెల్లెలికి ఈ మాటలు చేరవేయండి.